టవర్ కింద బ్యాటరీ బ్యాంకు: నెలనెలా ఎలా చూసుకోవాలి, ఎప్పుడు మార్చాలి

తిరుపతి చుట్టుపక్కల మొబైల్ టవర్ సైట్లు చూసుకునేవాళ్లకు మే నెల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పగలంతా ఎండ మాడ్చేస్తుంది. సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది, ఎక్కడో కొమ్మ విరిగి లైను మీద పడుతుంది, కరెంటు పోతుంది. ఆ క్షణం నుంచి సైటు బరువంతా బ్యాటరీ బ్యాంకు మీదే. డీజీ (డీజిల్ జనరేటర్) ఉన్న చోట అది స్టార్టయ్యేదాకా, లేని చోట కరెంటు తిరిగి వచ్చేదాకా.

శ్రీకాళహస్తి వైపు నేను చూసుకున్న ఒక సైటులో 600 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన సామర్థ్యం) బ్యాంకు ఉండేది. లోడు 50 ఆంపియర్లు. ఎంత పాతబడినా ఆరేడు గంటలు లాగుతుందని ధీమాగా ఉన్నాం. ఒక గాలివాన రాత్రి అది 40 నిమిషాల్లో పడిపోయింది. పక్క ఊళ్లో ఒక కాన్పు కేసుకి 108కి ఫోను కలవక, ఆమెను ఆటోలో తీసుకెళ్లారని మరునాడు టీకొట్టు దగ్గర విన్నాను. లాగ్‌బుక్ తెరిచి చూస్తే ఏడాది పొడవునా ప్రతి సెల్లుకీ 2.23 నుంచి 2.27 వోల్టుల మధ్య రీడింగులే ఉన్నాయి. రాసింది నేనే. ఊరికే రాయలేదు, మీటరు పెట్టి కొలిచే రాశాను. కొలవాల్సింది మాత్రం కొలవలేదు.

అందుకే ఈ పని కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్లకు మొదట చెప్పేది ఇదే. ఫ్లోట్‌లో, అంటే నిండిన బ్యాటరీని నిండుగా నిలిపే సన్నని చార్జింగులో, ఉన్నప్పుడు మీరు కొలిచేది బ్యాటరీ బలాన్ని కాదు, రెక్టిఫైయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే పెట్టె) ఇస్తున్న వోల్టేజీని. లోపల నీరు ఎండిపోయి, పాజిటివ్ ప్లేటు సగం అరిగిపోయిన సెల్లు కూడా ఫ్లోట్‌లో 2.25 చూపించగలదు. బలం తెలియాలంటే దాని మీద లోడు పెట్టాలి. మిగతా కొలతలన్నీ ఆ పరీక్షల మధ్య కాలంలో బ్యాటరీని కాపాడుకోవడానికి.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా వీఆర్ఎల్ఏ బ్యాటరీల గురించి, అంటే నీళ్లు పోయక్కర్లేని సీల్డు లెడ్ యాసిడ్ రకం. 2 వోల్టుల సెల్లులు 24 వరసగా కలిపితే 48 వోల్టుల బ్యాంకు. లిథియం గురించి చివర్లో కొంచెం చెప్తాను.

బయల్దేరే ముందు

చేతి ఉంగరం తీసేయండి. మన వైపు చాలామందికి స్వామివారి ఉంగరమో, వెండి కడియమో, మెడలో గొలుసో ఉంటుంది. తీయడానికి మనసొప్పదు, నాకూ అంతే. కానీ 48 వోల్టులే కదా, షాక్ కొట్టదులే అనుకోవడం పెద్ద పొరపాటు. 600 ఏహెచ్ సెల్లు రెండు టెర్మినళ్ల మధ్య లోహం ఆనితే వేల ఆంపియర్లు పారతాయి. ఉంగరం ఎర్రగా కాలి వేలిని తినేస్తుంది. తీసి జేబులో కాదు, బండి డిక్కీలో పెట్టండి. స్పానర్లకు, స్క్రూడ్రైవర్లకు ఇన్సులేషన్ ఉండాలి. పిడి వరకే కాదు, కొన తప్ప మొత్తం. లేకపోతే ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టుకోండి. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్, ఒక లీటరు మంచినీళ్లు, కొంచెం వంటసోడా కూడా తీసుకెళ్లండి. యాసిడ్ కారిన చోట సోడా కలిపిన నీళ్లతో తుడిస్తే యాసిడ్ బలం విరిగిపోతుంది. కంట్లో పడితే మాత్రం సోడా వద్దు, మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

మీటర్ల విషయానికొస్తే, వోల్టుకు రెండు దశాంశాలు సరిగ్గా చూపించే మల్టీమీటరు, డీసీ కొలిచే క్లాంప్ మీటరు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కావాలి. క్లాంప్ మీటరు కొనేటప్పుడు డీసీ ఉందో లేదో చూసుకోండి. ఏసీ మాత్రమే చూపించేవి బజారులో ఎక్కువ. అవి ఈ పనికి పనికిరావు.

ఇంకొక మాట. టెలికాం ప్లాంటులో పాజిటివ్ ఎర్త్ అయి ఉంటుంది, నెగటివ్‌లో వోల్టేజీ ఉంటుంది. కారు బ్యాటరీ అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. స్పానరు నెగటివ్ బస్‌బార్‌కీ (కేబుళ్లు కలిసే లోహపు పట్టీ) రాక్ బాడీకీ మధ్య ఆనిందంటే షార్టే.

తలుపు తీయగానే

మీటరు తీయకముందు ఒక నిమిషం ఊరికే నిలబడండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందా? అదొస్తే ఏదో ఒక సెల్లు ఓవర్‌చార్జి అవుతున్నట్టే. తలుపు బార్లా తెరిచి, గాలి ఆడాకే లోపలికి వెళ్లండి. నిప్పు గానీ, స్విచ్చు వేయడం గానీ వద్దు. చార్జింగులో వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది.

తర్వాత ప్రతి సెల్లునూ కళ్లతో చూడండి. పక్కలు ఉబ్బాయా, మూత దగ్గర పగుళ్లు వచ్చాయా, టెర్మినల్ చుట్టూ తెల్లగానో పచ్చగానో పొడి కట్టిందా, కింద తడి మరక ఉందా. రాక్ వెనక వైపు టార్చి వేసి చూడటం మానకండి. ఎలుకలు, చీమల పుట్టలు, బల్లులు అక్కడే కాపురం పెడతాయి.

ఇక వేడి. మన ప్రాంతంలో బ్యాటరీని చంపేది ముందుగా ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుదాం. మన దేశంలో ఈ బ్యాటరీల కొలతలన్నీ 27 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. దానికి పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. పదేళ్లు వస్తుందన్న బ్యాంకు 37 డిగ్రీల గదిలో ఐదేళ్లకే అయిపోతుంది. రేణిగుంట దగ్గర బయట పెట్టిన కేబినెట్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో ఒకసారి చెయ్యి పెట్టి చూస్తే అర్థమవుతుంది. అదే పలమనేరు, కుప్పం వైపు ఎత్తు మీద ఉండే సైట్లలో అదే రకం బ్యాటరీ ఇంకా హాయిగా పని చేస్తుంది. తిరుమల కొండ మీద వేడి బాధ తక్కువే గానీ చలికాలం మంచుకీ, వాన తేమకీ టెర్మినళ్లు తుప్పు పడతాయి. ఒక్కో చోటుకి ఒక్కో జబ్బు.

అందుకని ఎండ మొదలయ్యేలోపు, అంటే ఫిబ్రవరి చివరికల్లా, కేబినెట్ ఫ్యాన్ల ఫిల్టర్లు విప్పి దుమ్ము దులిపి కడగండి. ఏసీ ఉంటే సర్వీసు చేయించండి. పడమటి గోడకి బ్యాటరీ ఆనుకుని ఉంటే అరచెయ్యి ఖాళీ వదిలి జరపండి. సెల్లుకీ సెల్లుకీ మధ్య తయారీదారు వదలమన్న సందు మూసుకుపోయేలా బట్టలు, అట్టలు కుక్కవద్దు. సాయంకాలం చల్లబడ్డాక కొలిస్తే వేడి గురించి ఏమీ తెలియదు, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు వెళ్లి కొలవండి.

కొలిచేటప్పుడు గది వేడి కాదు, సెల్లు వేడి చూడాలి. థర్మామీటరును నెగటివ్ పోస్టుకి (సీసపు టెర్మినల్‌కి) గురిపెట్టండి. అన్నీ ఒకే రకంగా వేడిగా ఉంటే అది గది సమస్య. ఒక్క సెల్లు పక్కవాటికన్నా 3 డిగ్రీలో అంతకంటే ఎక్కువో ఉంటే అది ఆ సెల్లు సమస్య, లేదా దాని లింకు (సెల్లునీ సెల్లునీ కలిపే పట్టీ) సమస్య.

వేడిని బట్టి చార్జింగు వోల్టేజీ తగ్గాలి. సెల్లుకు డిగ్రీకి 3 మిల్లీవోల్టులు, అంటే 24 సెల్లుల బ్యాంకుకు డిగ్రీకి 72 మిల్లీవోల్టులు. 27 డిగ్రీల దగ్గర ఫ్లోట్ 54.0 వోల్టులుంటే 37 డిగ్రీల దగ్గర 53.28 ఉండాలి. ఎస్ఎంపీఎస్ కంట్రోలర్, అంటే రెక్టిఫైయర్లను నడిపే పరికరం, దీన్ని తనంత తాను చేస్తుంది, కాకపోతే దాని సెన్సరు బ్యాటరీకి అతుక్కుని ఉంటేనే. సెన్సరు వైరు ఊడిపోయి ఏసీ గాలి తగిలే చోట వేలాడటం నేను చాలాసార్లు చూశాను. కంట్రోలర్ బ్యాటరీ చల్లగా ఉందనుకుని వోల్టేజీ పెంచుతూ పోతుంది, వేడెక్కిన బ్యాటరీ ఇంకా వేడెక్కుతుంది. వెళ్లిన ప్రతిసారీ ఆ సెన్సరును వేలితో తాకి చూడండి. బ్యాంకు మధ్య వరసలో ఒక సెల్లు పక్కకి ఆనించి కట్టాలి.

ఫ్లోట్ రీడింగులు

ముందు బ్యాంకు మొత్తం వోల్టేజీ టెర్మినళ్ల దగ్గర కొలిచి, కంట్రోలర్ డిస్‌ప్లేతో పోల్చండి. రెండింటికీ తేడా ఎక్కువుంటే మధ్యలో కేబులో, ఫ్యూజో, బ్రేకరో అనుమానించాలి. తర్వాత 1 నుంచి 24 దాకా ఒక్కొక్క సెల్లు. నంబర్లు చెరిగిపోయి ఉంటే పాజిటివ్ చివర నుంచి పెయింటుతో మళ్లీ వేయండి. పోయిన నెల 7వ సెల్లు, ఈ నెల 7వ సెల్లు ఒకటే కాకపోతే ఈ శ్రమంతా వృథా.

సగటుకు 0.05 వోల్టు అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. కొత్త బ్యాంకులో మొదటి ఆరు నెలలు తేడా ఇంకొంచెం ఎక్కువే కనిపిస్తుంది, కంగారు పడకండి. ఏదైనా సెల్లు 2.20కి కిందికి జారితే దాని పక్కన గుర్తు పెట్టండి. నెలనెలా జారుతూ ఉంటే అదే మీ బలహీనమైన సెల్లు. వరసలో ఒకటి తగ్గితే మిగతావి పెరుగుతాయి, ఎందుకంటే మొత్తం 54 మారదు కదా. కాబట్టి ఎక్కువ చూపించే సెల్లును బలమైనదని మెచ్చుకోవద్దు, దాని మీద భారం పడుతోందని అర్థం.

ఫ్లోట్ కరెంటు కూడా రాయండి. నిండా చార్జయిన 600 ఏహెచ్ వీఆర్ఎల్ఏ బ్యాంకు ఒక ఆంపియర్ లోపే తీసుకోవాలి. లోడు మారకుండా, కరెంటు పోకుండా, ఇది నెలనెలా పెరుగుతూ ఉంటే, దానికి తోడు సెల్లులు వేడిగా ఉంటే, అది చాలా ప్రమాదకరం. కరెంటు వేడిని పెంచుతుంది, వేడి కరెంటును పెంచుతుంది, చివరికి సెల్లులు ఉబ్బి కరిగిపోతాయి. అలాంటప్పుడు రేపు చూద్దామనుకోకండి. కంట్రోల్ రూముకి చెప్పి ఆ బ్యాంకును అప్పుడే విడదీయండి.

కండక్టెన్స్ టెస్టరు, అంటే సెల్లు లోపల కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచే మీటరు, దొరికితే ఆరు నెలలకోసారి వాడండి. అది చూపించే అంకె కన్నా, బ్యాంకు కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఉండేదన్నది ముఖ్యం. మొదటి అంకెకన్నా 30 శాతం పడిపోయిన సెల్లు ఉందంటే డిశ్చార్జి టెస్టు (లోడు పెట్టి చూసే ఆ పరీక్ష) వాయిదా వేయకండి.

లింకులు

వదులైన లింకు ఫ్లోట్‌లో అసలు కనిపించదు. ఒక ఆంపియర్‌కి అది ఏం చూపిస్తుంది? లోడు పడ్డప్పుడే బయటపడుతుంది. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక సెల్లు సీసపు పోస్టు నుంచి పక్క సెల్లు పోస్టుకి కొలవండి. మీటరు మొన బోల్టు తల మీద కాదు, పోస్టు మీదే ఆనాలి. అన్ని లింకులూ 6, 7 మిల్లీవోల్టులు చూపిస్తూ ఒకటి 25 చూపిస్తే దొంగ అదే. బ్యాంకును విడదీసి, ఆ లింకు విప్పి, తుడిచి, పెట్రోలియం జెల్లీ పల్చగా రాసి మళ్లీ బిగించండి. బిగించడానికి టార్క్ రెంచ్ వాడండి. ఎంత బిగించాలో సెల్లు మీదో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. సీసం మెత్తటి లోహం. బలం కొద్దీ బిగిస్తే మర అరిగి సీలు పగులుతుంది, ఆ సందులోంచే యాసిడ్ పైకి పాకుతుంది.

డిశ్చార్జి టెస్టు

నిజం బయటపెట్టేది ఇది ఒక్కటే. ఏడాదికి ఒకసారి పూర్తిగా, మధ్యలో ఒకటి రెండు సార్లు బ్యాంకు సామర్థ్యంలో పాతిక, ముప్పై శాతం దిగేదాకా చేయండి. ఎండలకు ముందు ఒకటి, ఈశాన్య రుతుపవనాలకు ముందు సెప్టెంబరు, అక్టోబరులో ఒకటి పెట్టుకుంటే మన జిల్లాలకు సరిపోతుంది. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ రెండో టెస్టు ఎందుకో వివరించక్కర్లేదు. తిరుమల, తిరుపతి సైట్లకు బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి దగ్గర్లో మాత్రం టెస్టు పెట్టవద్దు. లక్షల మంది ఫోన్లు పట్టుకుని ఉండే రోజులు అవి.

కంట్రోల్ రూము అనుమతి తీసుకోండి. డీజీ ఒకసారి స్టార్టు చేసి చూడండి, డీజిల్ కొలవండి. బ్యాంకు కనీసం మూడు రోజులుగా ఫ్లోట్‌లో నిండా ఉండాలి. రెండు బ్యాంకులుంటే ఒకదాన్ని విడదీసి ఒక్కోదాన్ని విడివిడిగా పరీక్షించండి. అంతకు ముందే ఒక చిన్న పని చేయండి: రెండూ కలిసి లోడు మోస్తున్నప్పుడు క్లాంప్ మీటరుతో ఒక్కోదాని కరెంటు చూడండి. 60 ఆంపియర్ల లోడుని చెరి 30 పంచుకోవాలి. ఒకటి 42, ఇంకొకటి 18 ఉంటే ఏది అలిసిపోయిందో అప్పుడే తెలిసిపోతుంది.

టెస్టు కోసం మెయిన్ స్విచ్చు ఆపేయడం చాలామంది చేసే పని. నేను అలా చేయవద్దంటాను. దానికి బదులు కంట్రోలర్ మెనూలో రెక్టిఫైయర్ వోల్టేజీని 46 వోల్టులకు తగ్గించండి. లోడు బ్యాటరీ మీదకి వస్తుంది. బ్యాంకు ఒక్కసారిగా కుప్పకూలినా 46 దగ్గర రెక్టిఫైయర్ అందుకుంటుంది, సైటు పడదు. బ్యాంకు బాగా నిలబడుతోందని తేలాక మెల్లమెల్లగా ఇంకా తగ్గించుకోవచ్చు.

మొదటి రెండు మూడు నిమిషాల్లో వోల్టేజీ గబుక్కున జారి, మళ్లీ కొంచెం పైకొచ్చి నిలబడుతుంది. అది మామూలే. ఆ జారుడు చూసి టెన్షన్ పడి టెస్టు ఆపేసినవాళ్లు ఉన్నారు. అయితే జారినప్పుడు ఎంత దాకా దిగిందో రాసుకోండి, ఏటేటా ఆ అంకె కిందికి పోతుంటే అదీ ఒక సూచనే. 15 నిమిషాలకు, 30 నిమిషాలకు, ఆ తర్వాత గంటగంటకూ మొత్తం వోల్టేజీ, కరెంటు, 24 సెల్లుల రీడింగులు తీయండి. సగటు 1.90కి వచ్చాక పావుగంటకోసారి. అక్కడి నుంచి బలహీనమైన సెల్లు కొండ మీంచి రాయి దొర్లినట్టు పడుతుంది.

ఏ ఒక్క సెల్లు 1.75కి దిగినా ఆపేయండి. ఎల్‌వీడీ, అంటే బ్యాటరీ మరీ దిగిపోతే లోడు తెంపే ఏర్పాటు, 44.4 దగ్గర పెట్టి ఉంటే మొత్తం దానికి కాస్త పైన ఉన్నప్పుడే ఆపాలి. ఇలా ముందే ఆపడం వల్ల లెక్క అసలు సామర్థ్యం కన్నా కొంచెం తక్కువ వస్తుందని మనసులో పెట్టుకోండి.

లెక్క తేలికే. సగటు కరెంటును గంటలతో గుణించండి. వోల్టేజీ తగ్గే కొద్దీ పరికరాలు ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి మొదటి అంకెతో కాదు, అన్నింటి సగటుతో. 600 ఏహెచ్ బ్యాంకు 60 ఆంపియర్ల చొప్పున 10 గంటలు ఇవ్వాలి. 7 గంటలకే ఆపాల్సి వస్తే 420 ఏహెచ్, అంటే 70 శాతం. 80 శాతం కన్నా తగ్గిందంటే దాని కాలం తీరింది. అక్కడి నుంచి పతనం వేగంగా ఉంటుంది, కొత్తదానికి ఆ రోజే ఇండెంటు పెట్టండి. ఒక సవరణ ఉంది. 600 అన్నది 10 గంటల రేటుకు చెప్పిన మాట. అదే బ్యాంకును 5 గంటల్లో ఖాళీ చేస్తే సుమారు 83 శాతమే ఇస్తుంది, అంటే 100 ఆంపియర్లు 5 గంటలు. ఎక్కువ లోడున్న సైటులో ఈ సంగతి మరిచి మంచి బ్యాటరీని చెడ్డదనుకోవద్దు.

టెస్టు అయ్యాక వోల్టేజీని మళ్లీ మామూలుకు తెచ్చారో లేదో రెండుసార్లు చూసుకోండి. సైటు 46 మీదే ఉండిపోతే ఆ బ్యాంకు నిండనే నిండదు.

దిగిన బ్యాటరీని వదలకండి

ఖాళీ అయిన బ్యాటరీని అలాగే ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. 24 గంటల్లోపు చార్జింగు మొదలవ్వాలి. చార్జింగు కరెంటు ఏహెచ్‌లో 10 శాతానికి, అంటే 600కి 60 ఆంపియర్లకు పరిమితం చేసి పెట్టండి. 400 ఏహెచ్ దిగిన బ్యాంకు నిండటానికి సగం రోజు పైనే పడుతుంది. డీజీ గంట తిరిగి ఆగిపోతే అది నిండినట్టు కాదు. కరెంటు మాటిమాటికీ పోయే పల్లె ఫీడర్ల మీద ఉన్న బ్యాంకులు ఎక్కువగా చచ్చేది ఇలా సగం సగం చార్జింగుతోనే. అలాంటి సైటులో తరచూ బూస్ట్ చార్జింగు, సెల్లుకు 2.30 చొప్పున 55.2 వోల్టులతో, పెట్టించండి. బూస్టు పూర్తయ్యాక ఫ్లోట్‌కు తిరిగి వచ్చిందో లేదో చూసి రండి.

ఎల్‌వీడీని బైపాస్ చేయవద్దు. సైటు ఇంకో అరగంట నడవాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది, నాకు తెలుసు. ఆ అరగంట కోసం బ్యాంకును 40 వోల్టుల దాకా పిండితే రాబోయే ఏడాది అంతా సైటు పడుతూనే ఉంటుంది. ఆ మాట గట్టిగా చెప్పండి, లాగ్‌బుక్‌లో రాసి పెట్టండి.

లిథియం వచ్చిన చోట

కొత్త సైట్లలో లిథియం ఐరన్ ఫాస్ఫేటు మాడ్యూళ్లు వస్తున్నాయి. వాటిలో సెల్లు 3.2 వోల్టులు, 15 గానీ 16 గానీ వరసలో ఉంటాయి, లోపల బీఎంఎస్ (సెల్లులను కనిపెట్టుకునే ఎలక్ట్రానిక్ బోర్డు) కాపలా కాస్తుంది. మీరు చూడాల్సింది సెల్లుల మధ్య వోల్టేజీ తేడా, వేడి, అలారాలు, కంట్రోలర్‌తో కమ్యూనికేషన్ కేబులు. లెడ్ యాసిడ్‌కి పెట్టిన బూస్టు, వేడి సవరణ సెట్టింగులు అలాగే వదిలేయడం తరచుగా జరిగే తప్పు, మాడ్యూలు మాన్యువల్‌లో ఉన్న అంకెలు పెట్టండి. తయారీదారు రాసిచ్చిన అనుమతి లేకుండా వీఆర్ఎల్ఏ బ్యాంకుతో సమాంతరంగా కలపవద్దు.

మార్చేటప్పుడు

ఒకటి రెండు సెల్లులే పోతే, బ్యాంకు చిన్న వయసులో ఉంటే, అదే కంపెనీ, అదే ఏహెచ్, దగ్గరి తయారీ తేదీ ఉన్నవి వేయండి. నాలుగేళ్ల బ్యాంకులో కొత్త సెల్లు వేస్తే అది పాతవాటితో కలవదు, పాతవాటి భారం దాని మీద పడి అదీ తొందరగా పోతుంది. కరకంబాడిలో అమర రాజా ఫ్యాక్టరీ ఉండటంతో మన చుట్టూ బ్యాటరీలు తయారు చేసిన అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లతో పాత సెల్లు కోసి ప్లేట్లు చూపించమని ఒకసారి అడిగి చూడండి. పాజిటివ్ ప్లేటు ఎలా పొడిగా రాలిపోతుందో కళ్లారా చూస్తే వేడి గురించి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాత సెల్లులు తుక్కు వాళ్లకి తూకానికి అమ్మకండి. ఊరి బయట పగలగొట్టి సీసం కరిగిస్తారు, ఆ యాసిడ్ బావుల్లోకి దిగుతుంది, ఆ పొగ పిల్లల రక్తంలో చేరుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారుదే. వాళ్లకి గానీ, రిజిస్టరైన రీసైక్లర్‌కి గానీ ఇచ్చి రసీదు తీసుకోండి.

కొత్త బ్యాంకు పెట్టి, అది మూడు రోజులు ఫ్లోట్‌లో నిండా ఉన్నాక డిశ్చార్జి టెస్టు ఒకటి చేసి, 24 సెల్లుల వోల్టేజీ, కండక్టెన్స్, లింకుల మిల్లీవోల్టులు, ఆ రోజు వేడి, అన్నీ లాగ్‌బుక్ మొదటి పేజీలో రాసి, పెట్టిన తేదీని రాక్ మీద పెయింటుతో వేయండి.